చెయ్యెత్తని వీరదుర్గ

మా వీరదుర్గ ఎత్తు ఆరడుగుల పైచిలుకు. నా ఎత్తు అడక్కండి. ఇద్దరం కలిసి బందరు బజార్లో నడుస్తుంటే నన్ను దాని తమ్ముడనుకుంటారు. నిజానికి నేను దాని మేనమామ కొడుకుని, వయసులో పెద్దవాణ్ణి, వరసకి బావని. బావగా పుట్టాక మరదల్ని ఆటపట్టించకపోతే ఆ పుట్టుకెందుకు? కాబట్టి ఈ అంజి చెప్పేదాంట్లో ఎత్తిపొడుపులుంటే అది నా తప్పు కాదు, వరస తప్పు.

దుర్గ ఇప్పుడు చెన్నైలో ఒక జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడుతుంది. జీతం తీసుకుని ఆడుతుంది. మొదట్లో ఈ సంగతి మా పేటలో ఎవరూ నమ్మలేదు. బుట్టలో బంతి వేస్తే జీతమిచ్చేట్టయితే, పుట్టిన దగ్గర్నించీ బుట్టలో చేపలు వేస్తున్న తనకి ఎవరేమిచ్చారని దాని తల్లి, మా పాపాయమ్మ అత్త అడిగింది.

అత్త గిలకలదిండి రేవులో చేపలు పాడుకుని బందరు వీధుల్లో అమ్ముతుంది. పడవలొచ్చి కుప్పలు పోయగానే వేలం మొదలవుతుంది. ఆ గోలలో ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. అందుకని చెయ్యెత్తితే చాలు, పాట పెంచినట్టే. ఆఖరున ఎవరి చెయ్యి పైనుంటే సరుకు వాళ్ళది. చూసుకోలేదనీ, ఈగని తోలుకున్నాననీ అంటే కుదరదు. అలా వెనక్కి తగ్గినవాళ్ళ వైపు వేలంవాడు మళ్ళీ చూడడు.

దుర్గ బళ్ళో చదివే రోజుల్లోనే తాడిలా ఎదిగిపోయింది. ఒక సెలవునాడు తల్లి వెంట రేవుకొచ్చి, నెత్తిమీద వాలబోయిన కాకిని తోలడానికి చెయ్యెత్తింది. మామూలు పిల్లయితే ఆ చెయ్యి ఆడవాళ్ళ కొప్పుల మధ్య కలిసిపోయేది. దీని చెయ్యి మాత్రం రేవు రేవంతా చూసింది. ఎండ తగిలి మెత్తబడ్డ నెత్తళ్ళు, చూడటానికే ఎవరూ దగ్గరికి రాని పెద్ద కుప్ప, పాపాయమ్మకి ఖాయమైపోయింది. అత్త కిమ్మనకుండా కుప్పంతా ఎత్తించుకుంది. ఆపైన మా చుట్టాల ఇళ్ళన్నిటా నెత్తళ్ళ వేపుడు, నెత్తళ్ళ పులుసు, దడుల మీద ఎండబెట్టిన నెత్తళ్ళు. మా నాన్నయితే కంచం ముందు కూర్చోబోయే ముందు కూరేమిటని వాకిట్లోంచే అడిగేవాడు.

అత్త పిల్లని ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, "అడిగితే కొనాలి, కొంటే మొయ్యాలి. మొయ్యలేనప్పుడు చెయ్యెత్తకు" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు నించీ రేవులో దుర్గ చేతులు రెండూ తట్టకే అంటుకుని ఉండేవి.

వెంకట్రామయ్యగారి కంట పడింది కూడా ఆ రేవులోనే. ఆయన గుడివాడ దగ్గరి రైతు. బడిలో ఆటలు నేర్పి రిటైరయ్యాక, గుడివాడ పిల్లలకి ఊరికే బాస్కెట్‌బాల్ నేర్పేవారు. పీతల కోసం బందరు వచ్చి, జనం తలల మీద ఇంకో తల తేలుతుంటే చూసి పీతల సంగతి మర్చిపోయారు. నేరుగా అత్త దగ్గరికొచ్చి మీ అమ్మాయిని మాకిస్తారా అండీ అన్నారు. అత్త ఆయన్ని ఎగాదిగా చూసి, పిల్ల ఇంకా చదువుకుంటోందని చెప్పి, అయినా అబ్బాయి ఎత్తెంతని అడిగింది. పాపం ఆయన చెమటలు తుడుచుకుంటూ అసలు విషయం చెప్పేసరికి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తట్టలు దించుకుని మరీ నవ్వారు. ఆ తరవాత కూడా ఆదివారం ఆదివారం వచ్చి ఆయన బతిమాలారు, వచ్చినప్పుడల్లా బేరం ఆడకుండా పీతలు కొన్నారు. బేరమాడనివాడు పిచ్చివాడైనా అయుండాలి, మంచివాడైనా అయుండాలి అని అత్త తేల్చుకుని ఒప్పుకుంది.

అలా గుడివాడ పాసింజరు దుర్గకి రెండో ఇల్లయింది. పడవ మీంచి విసిరిన తట్టలు అందుకున్న చేతులు కదా, రింగుకి తగిలిన బంతి ఎటు పడుతుందో దానికి ముందే తెలిసేది. ఎగిరి రెండు చేతులతో పట్టేసేది. జిల్లా జట్టయింది, రాష్ట్రం జట్టయింది. పేపర్లో మొదటిసారి పడ్డ ఫోటోలో దానికి తల లేదు. ఫోటోలో పట్టలేదట. చొక్కా మీద అంకె చూసి మేం గుర్తుపట్టి, కత్తిరించి గోడకి అంటించుకున్నాం. దాని కాళ్ళకి సరిపడే ఆడవాళ్ళ బూట్లు బందర్లో లేవు. మగవాళ్ళవి కొనిపెట్టింది నేనే. నా సైజు అడిగి షాపువాడు నవ్వాడు, అది వేరే సంగతి.

చివరికి చెన్నై జట్టువాళ్ళు పిలిచారు. ఒక ఏడాది చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు. అక్కడి కోచ్ గాయత్రిగారు ఒకప్పుడు పేరున్న ఆటగత్తె, నెల్లూరు మనిషి. ఏడాది గడిచిపోతోంది కానీ దుర్గ ఆట సాగలేదు. పడే బంతుల్ని పట్టి పక్కవాళ్ళకి అందించడమే తప్ప, తను బుట్టలో వేసేవి అంతంతమాత్రం. రింగు కింద ఖాళీగా నిలబడ్డా బంతి దాని దగ్గరికి వచ్చేది కాదు. ఇంతలో గుడివాడలో ఒక పోటీకి ఆ జట్టు వస్తుందన్నారు. ఇక్కడ కూడా ఇలాగే ఆడితే ఇంటికి పంపక తప్పదని గాయత్రిగారు వెంకట్రామయ్యగారికి ముందే చెప్పేశారు. దుర్గ నాకు ఫోన్ చేసి, తన తట్ట కడిగి ఉంచమని అమ్మకి చెప్పు బావా అంది.

ఆటకి పేట పేటంతా కదిలింది. మాతోపాటు వచ్చిన అత్త సిమెంటు మెట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సగం ఆట అయ్యేసరికి పరిస్థితి ఎప్పటిలాగే ఉంది. విరామంలో గాయత్రిగారు మా దగ్గరికొచ్చారు.

"అమ్మాయికి భుజం నొప్పేమైనా ఉందా అండీ? ప్రాక్టీసులో చెయ్యెత్తి బంతి అడుగుతుంది. జనం గోల మొదలైతే చాలు, ఆ చెయ్యి లేవదు. అడగనివాళ్ళకి బంతి ఎవరిస్తారు?"

నేను ఏదో చమత్కారం ఆడబోయి అత్త మొహం చూసి ఆగిపోయాను. ఆవిడ లేచింది. కోర్టు అంచున చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఆపబోయినవాళ్ళని పట్టించుకోకుండా దుర్గ దగ్గరికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్ళాను. కూతురి కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తబోయింది, అందలేదు.

"నేనేగా దించాను దీన్ని," అంది. "ఎత్తవే దుర్గా. ఇప్పుడు మోసేదానివయ్యావు, అడుగు."

తల్లి చెయ్యి దుర్గ కాసేపు వదల్లేదు.

ఆట మళ్ళీ మొదలైంది. దుర్గ రింగు కిందికి చేరి, కాకిని తోలినట్టు చెయ్యి సగం ఎత్తింది. ఆ సగానికే బంతి వచ్చేసింది. వేసింది. రింగుకి కొట్టుకుని బయటికి పోయింది. జనం ఉసూరుమన్నారు. దాని చెయ్యి మళ్ళీ పక్కకి వాలిపోయింది, చూపు మా వైపు తిరిగింది.

గుంపులో ఉండగా మా అత్త చేపలకి తప్ప దేనికీ చెయ్యెత్తగా నేను చూడలేదు. అలాంటి మనిషి మెట్టు మీద నిలబడి చెయ్యి పైకెత్తింది. వెనకవాళ్ళు కూర్చోమని అరుస్తున్నా దించలేదు. నా వల్ల మాత్రం ఎవరికీ అడ్డం లేదు కాబట్టి నేనూ నిలబడ్డాను. దుర్గ చూసింది. ఆపైన దాని చెయ్యి నిండుగా లేచింది, బంతి వచ్చింది, బుట్టలో పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. నాకు కళ్ళు మసకేసి కొన్ని చూడలేదు.

ఆ ఆటలో వాళ్ళ జట్టు ఓడిపోయింది. ఆ మాట మా పేటలో ఎవరికీ గుర్తు లేదు. దుర్గని ఉంచుకుంటున్నామని గాయత్రిగారు అక్కడే చెప్పేశారు. వెంకట్రామయ్యగారు తనే గెలిచినట్టు అందరికీ దండాలు పెట్టారు. కాసేపటికి దుర్గ వచ్చి తల్లి ముందు వంగి, తల నిమిరించుకుని, జట్టువాళ్ళతో బస్సెక్కి వెళ్ళిపోయింది. అత్త ఆ బస్సు వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. ఊరుకోలేక అడిగాను.

"అంతసేపు చెయ్యెత్తావు కదత్తా, ఏం కొన్నావు?"

"కొనలేదురా," అంది. "ఇచ్చేశాను."

కొంగుతో మొహం తుడుచుకుని, పామర్రు మీదుగా బందరు వెళ్ళే బస్సు ఎన్నింటికో కనుక్కోమంది.