ఆయన గ్లాసులో నీళ్ళు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా ఇంట్లో నవ్వేవాళ్ళు. మా నాన్న నందివెలుగులో రైతు, గట్టి హేతువాది. ఊళ్ళో ఎవరైనా చేతబడి అంటే ఆ చేసేవాణ్ణి పిలిపించి, "నా మీద చెయ్యి, చూద్దాం" అని అరుగు మీద కూర్చునేవాడు. పిశాచం ఉందని అందరూ వదిలేసిన ఒక పాడింట్లోకి మమ్మల్ని తీసుకెళ్ళి, పులిహోర పొట్లాలు విప్పి మధ్యాహ్నం భోజనం పెట్టించాడు. నేను ఆయన కూతుర్ని. తాయెత్తు కట్టుకోలేదు, ముగ్గు దాటడానికి భయపడలేదు. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. నేను రాసే ఈ సంగతిలో ఎవరూ కనబడరు, ఏ గొంతూ వినబడదు. ఉన్నవి నీళ్ళు మాత్రమే.

నా భర్త పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్. పేరు రాయను. పెళ్ళయిన కొన్నేళ్ళకు, అరవైల్లో, ఆయన్ని ఆఫ్రికాలో ఒక దేశానికి పంపారు. ఆ దేశం పేరూ రాయను. అక్కడ స్వతంత్రం వచ్చి ఎంతో కాలం కాలేదు. వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టుకున్నారు. పోరు ఆగాక చూస్తే పోలీసు లేడు, కోర్టు లేదు, కుళాయి తిప్పేవాడు కూడా లేడు. పాలించిన తెల్లవాళ్ళు సామాను సర్దుకుని పోయారు. అందుకని చాలా దేశాలు కలిసి ఒక బృందాన్ని పంపాయి. సైనికులతోపాటు డాక్టర్లు, ఇంజనీర్లు, పోలీసులు వెళ్ళారు. ఒక చిన్న పట్నంలో కొత్త పోలీసులకు శిక్షణ ఇవ్వడం, అక్కడి పోలీసు అధికారికి పక్కనుండి సలహా చెప్పడం మా ఆయన పని.

నేనూ మా అత్తయ్యా రేపల్లెలో, రైలు స్టేషనుకు దగ్గర్లో అద్దె ఇంట్లో ఉండిపోయాం. ఆయన ఉత్తరాలు రాసేవారు. ఇవాళ బజారు తెరిపించాం, ఇవాళ బడిలో గంట కొట్టించాం అని. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. వేమూరులో ఉన్న చుట్టాల ఇంటికి వెళ్ళి మరీ చదివి వినిపించాను.

ఆయన తిరిగొచ్చిన రోజు రేపల్లె స్టేషన్లో దండలు వేశారు. ఇంటికి రాగానే అత్తయ్య కొత్త కుండలో నీళ్ళు వెండి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని వాకిట్లోకి ఉమ్మేశారు.

"ఏంటే ఇది? కుండ కడగలేదా?"

గ్లాసు తీసుకుని వాసన చూశాను. తడిసి ముక్కిన ధాన్యం కంపు. దాని కింద ఉచ్చ కంపు. వాటన్నిటి అడుగున ఇంకొకటి, పెట్టె వెనకాల ఎలక చచ్చినప్పుడు వచ్చేలాంటిది, కాస్త తియ్యగా. గ్లాసు పారబోసి, అదే కుండలోంచి నేను ముంచుకుని తాగాను. చల్లగా, వట్టివేళ్ళ వాసనతో బాగున్నాయి.

రేపల్లెలో ఉన్నవాళ్ళకు మొదట ఏం అనుమానం వస్తుందో నాకూ అదే వచ్చింది. చుట్టూ రైసు మిల్లులు. ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబెట్టిన తొట్ల నీళ్ళు కాలవలోకి వదిలితే బజారంతా ముక్కు మూసుకోవాల్సిందే. ఆ గాలే అనుకున్నాను. కానీ ఆ కంపు వీధిలో లేదు, కుండలో లేదు, నా గ్లాసులో లేదు. ఆయన గ్లాసులోనే ఉంది. మర్నాడూ, ఆ మర్నాడూ అంతే.

నాన్న పెంపకం కదా, పరీక్ష పెట్టాను. మా పక్కింటి ఖాసింబీకి ముక్కు చాలా చురుకు. చేపల బుట్ట దించకముందే అవి ఎప్పటివో చెప్పేది. ఆమెను పెరటి గుమ్మం బయట నిలబెట్టాను. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని, ఒకే కుండలో నీళ్ళు పోసి, ఒకటి ముందు గదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన చేతికిచ్చి కాసేపాగి తెచ్చాను. రెండూ ఆమె ముందు పెట్టాను. ఏది ఎవరిదో చెప్పలేదు.

ఖాసింబీ ఒకటి వాసన చూసి పక్కన పెట్టింది. రెండోది ముక్కు దగ్గరకు రాకముందే పైట అడ్డం పెట్టుకుంది.

"ఏంటి వదినా, ఇందులో ఏం పడి చచ్చింది?"

గ్లాసులు మార్చాను, చోట్లు మార్చాను, మజ్జిగతో చూశాను. ప్రతిసారీ ఆమె తోసేసింది ఆయన పట్టుకున్న గ్లాసునే. "నీ మొగుడు డాక్టరుకు చూపించుకోవాలి వదినా" అంది, భయపడుతూనే.

చూపించాం. తెనాలిలో డాక్టరు పళ్ళు, కడుపు, రక్తం అన్నీ చూసి ఏ జబ్బూ లేదన్నాడు. ఆయన గ్లాసులో నీళ్ళు ఒక సీసాలో పోసి, బాపట్లలో కెమిస్ట్రీ చెప్పే తెలిసినాయన దగ్గరకు పంపాను. మూత తీసినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచిపోయారట. పరీక్షలో మాత్రం మంచినీళ్ళే అని తేలింది. "ఈ రెండూ ఎలా పొసగుతాయో నాకు తెలియదమ్మా" అని కబురు చేశారు.

మా ఆయన మాత్రం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. ముక్కు పట్టుకుని గటగటా తాగడం నేర్చుకున్నారు. ఆయన స్నానం చేసొచ్చిన నీళ్ళగదిలోకి వెళ్తే నాకు వాంతి వచ్చేది. చాకలి ఆమె ఆయన బట్టల్ని విడిగా మూట కట్టి, కర్రకు తగిలించుకుని తీసుకెళ్ళేది.

ఆ రోజుల్లోనే తెనాలిలో సన్మానం జరిగింది. హాలు నిండా జనం. శాలువా కప్పి శాంతిదూత అన్నారు. ఆయన బాగా మాట్లాడారు. "ఆ జనానికి చట్టమంటే ఏంటో తెలియదండి. మనం వెళ్ళి నేర్పాం. నేనున్న ఊళ్ళో ఒక్క తుపాకీ పేలలేదు, ఒక్క కొట్టు దోపిడీ కాలేదు" అన్నారు. చప్పట్లు కొట్టారు. మధ్యలో ఒకరు మూత పెట్టిన గ్లాసుతో నీళ్ళు అందించారు. ఆయన మూత తీసేసరికి ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు పెట్టుకున్నారు. అధ్యక్షులవారు జేబురుమాలు తీసి, దగ్గొచ్చినట్టు నటించారు. ఒక పెద్దాయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాడు. మా ఆయన నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, శాంతి గురించి మళ్ళీ మొదలుపెట్టారు. వేదిక దిగాక అందరూ ఆయనకు చెయ్యి కలిపి, ఆ చేతిని పంచెలకు తుడుచుకున్నారు.

కొన్ని వారాలకు బాపట్ల నుంచి ప్రకాశరావు అనే ఆయన మా ఇంటికి వచ్చాడు. ఆ బృందంలోనే వైర్‌లెస్ ఆపరేటరుగా, మా ఆయనతో అదే ఊళ్ళో పనిచేసినవాడు. బంధువుల పెళ్ళికి రేపల్లె వచ్చి, పలకరించి పోదామని ఆగాడు. మా ఆయన పోలీసు స్టేషనుకు వెళ్ళారు, ఇంకా రాలేదు. పొద్దున ఆయన సగం తాగి వదిలేసిన గ్లాసు బల్ల మీదే ఉంది. నేను లోపల్నుంచి నీళ్ళు తెచ్చేలోపు ప్రకాశరావు అది తనకే పెట్టారనుకుని అందుకుని నోటి దాకా తీసుకెళ్ళాడు.

గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మనిషి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అక్కయ్యగారూ, ఈ కంపు ఇక్కడికెలా వచ్చింది?"

"మీకు తెలుసా ఇది?"

"తెలుసండి. మొక్కజొన్న గిడ్డంగిది."

కూర్చోబెట్టాను. మా ఇంటి నీళ్ళు ముట్టనన్నాడు. వీధి చివర నుంచి కొబ్బరిబొండాం తెప్పిస్తే తాగి, అప్పుడు చెప్పాడు.

ఆ ఊరి పోలీసు అధికారి అవతలి తెగ మగవాళ్ళను పట్టుకొచ్చి, మొక్కజొన్న నిలవచేసే ఒక రేకుల గిడ్డంగిలో పెట్టి తాళం వేశాడు. ఊరు ప్రశాంతంగా ఉండాలంటే ఇదే దారి అన్నాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల నీళ్ళు లేవు. అది మా ఆయన ఆఫీసుకు ఎదురుగానే ఉంది.

"వాళ్ళు తలుపు మీద కొట్టేవాళ్ళండి. వాళ్ళ భాషలో నీళ్ళు, నీళ్ళు అని. సార్ ఒక్క మాట చెబితే చాలు. ఆ అధికారికి సార్ మాటంటే వేదం. నేను వెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. సార్ తన బల్లను అవతలి గదిలోకి మార్పించుకున్నారు, చప్పుడుకు పని సాగట్లేదని."

"తరవాత?"

"నేనే పైవాళ్ళకు వైర్‌లెస్ కొట్టాను. డాక్టర్ల బండి వచ్చి తాళం పగలగొట్టేసరికి కొందరు లేచారు, కొందరు లేవలేదు. ఆ తలుపు తీసినప్పుడు వచ్చింది అక్కయ్యగారూ, ఇదే కంపు. నేను చచ్చేదాకా మరచిపోను."

మా ఆయన కోసం ఆగకుండా ప్రకాశరావు వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాను. అబద్ధం అంటారనే ఆశ ఇంకా ఉంది.

"ఏవండీ, గిడ్డంగిలో మనుషుల సంగతి నిజమేనా?"

"ఎవడు చెప్పాడు, ప్రకాశరావా? వాడొట్టి పిరికి గొడ్డు."

"నిజమా, కాదా?"

"తాళంచెవి నా దగ్గర లేదు. అది వాళ్ళ ఊరు, వాళ్ళ పోలీసు, వాళ్ళ ఖైదీలు. నేను సలహాదారుణ్ణి. అడిగితే సలహా చెప్తాను. అతను అడగలేదు."

"నీళ్ళివ్వమని చెప్పడానికి ఒకళ్ళు అడగాలా?"

"నీకేం తెలుసే? అతనితో చెడితే అన్నాళ్ళ కష్టం బూడిదయ్యేది. బజారు తెరిచేదా, బడి నడిచేదా? వాళ్ళను లోపల పెట్టాకే ఊరు నిద్రపోయింది." అని పెరుగన్నం కలిపి, వేళ్ళ మధ్య జారిన పెరుగును నాక్కుని, "ఇంకాస్త వెయ్యి" అని కంచం ముందుకు జరిపారు.

వేశాను. ఆ వేళ్ళను చూస్తుంటే నాకు గ్లాసు కంపు కంటే ఎక్కువ రోత పుట్టింది. ఆ తరవాత ఆయన పక్కన పడుకోలేదు. ఆయన ఎంగిలి కంచం తీయాల్సొచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టేదాన్ని. వదిలేసి వెళ్ళాలనుకుంటూనే నెలలు గడిపాను. ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టర్ పెళ్ళాం నీళ్ళు కంపు కొడుతున్నాయని పుట్టింటికి వెళ్తే ఊరు ఏమంటుంది?

ఈలోగా ఇంట్లో ఒక మార్పు వచ్చింది. మొదట అత్తయ్య, "తగ్గిందే, ఇవాళ వాసన లేదు" అంది. నాకు ఇంకా వస్తూనే ఉంది. తరవాత ఇంటికొచ్చే కానిస్టేబుల్ ముక్కు చిట్లించడం మానేశాడు. మా ఆయన ముక్కు పట్టుకోకుండానే తాగుతున్నారు. మెల్లగా నాకూ తగ్గింది. పీడ విరగడైందనుకున్నాను. నిజం చెప్పాలంటే మనసు తేలికపడింది కూడా. ఇంక ఉండిపోవచ్చు అనిపించింది.

మాఘమాసంలో నాన్న వచ్చాడు. ఈ సంగతి ముందే ఉత్తరంలో రాస్తే నవ్విపారేసినవాడు. మా ఆయన మర్యాదగా తనే కుండలోంచి నీళ్ళు ముంచి, "తాగండి మామయ్యగారూ" అని ఇచ్చారు.

నాన్న గ్లాసెత్తి ఆగిపోయాడు. దాన్ని అరుగు మీద పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి భళ్ళున కక్కుకున్నాడు. గోడ అవతల ఖాసింబీ పైట ముక్కుకు పెట్టుకుని నిలబడి ఉంది.

నేను ఆ గ్లాసు తీసి వాసన చూశాను. ఏమీ లేదు. ఒక గుక్క తాగాను. చల్లగా ఉన్నాయి.

"బాగానే ఉన్నాయి కదా నాన్నా" అన్నాను.

నాన్న నా మొహం వంకే చూస్తున్నాడు. "అమ్మడూ, నీకు తెలియట్లేదా?" అన్నాడు.

మా ఆయన, "మామయ్యగారికి పైత్యం చేసినట్టుంది" అని, నా చేతిలో గ్లాసు తీసుకుని మిగిలినవి తాగేశారు.

వదినా అని ఖాసింబీ పిలుస్తోంది. లోపలికెళ్ళి నా చీరలు నాలుగు సంచీలో కుక్కుకున్నాను. అత్తయ్య, "ఇప్పుడేమైందే, అంతా బాగానే ఉందిగా!" అని గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆమెను చేత్తో పక్కకు జరిపాను. నాన్నా నేనూ తెనాలి రైలెక్కాం. దారిలో నాన్న ఒక్కటే అడిగాడు.

"ఆ కంపుకేనా వచ్చేశావు?"

"కాదు నాన్నా. కంపు నాకు తెలిసినన్నాళ్ళూ ఉన్నానుగా."

నాన్న నా సంచీ అందుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ కంపు గురించి ఎవరడిగినా, బతికున్నంత కాలం, "నాకు తెలియదు" అనే అన్నాడు. ఆయన నోట ఆ మాట వేరే ఏ విషయంలోనూ నేను వినలేదు.

తరవాత నేను టీచరు ట్రెయినింగు చేసి తెనాలిలో ఉద్యోగంలో చేరాను. మా ఆయనకు ప్రమోషను వచ్చింది. డెబ్బైల్లో ఇంకో దేశంలో పోరు ఆగాక, అనుభవం ఉందని ఆయన్నే మళ్ళీ పంపారు. తిరిగొచ్చి, పెన్షన్ తీసుకుంటూ, మంచి పేరుతో పోయారు. బాపట్లలో ప్రకాశరావు మాత్రం ఆ తరవాత ఎప్పుడూ తలుపులు వేసి పడుకోలేదని అతని భార్య చెప్పింది.

సముద్రాలు దాటి ఆ కంపు ఒక మనిషి గ్లాసులోకి ఎలా వచ్చిందో నేను చెప్పలేను. ఖాసింబీ ముక్కు, నాన్న వాంతి, ప్రకాశరావు చేతిలోంచి జారిన గ్లాసు నా కళ్ళారా చూశాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. అది నాకు ఏ రోజు నుంచి తెలియకుండా పోయిందో కూడా గుర్తులేదు. ఇప్పటికీ నీళ్ళు తాగే ముందు గ్లాసు పక్కనున్నవాళ్ళకు అందించి, "ఏమైనా వాసనొస్తోందా?" అని అడుగుతాను. వాళ్ళు లేదంటేనే తాగుతాను.