బార్లీ గది గడియ

ఊదారంగు ముద్రసిరా వాసన తగిలితే చాలు, నాకు నోరు ఎండిపోతుంది. మొన్న రియాద్‌లోని మా పశువైద్యశాలలో అదే జరిగింది. సెలవుల్లో పని నేర్చుకోవడానికి వచ్చే ఒక అమ్మాయి పశువైద్య కళాశాల దరఖాస్తు కోసం తన సిఫారసు ఉత్తరం తానే రాసుకుని వచ్చింది. "సంతకం చేసి ఖతమ్ కొట్టండి మేడం, చాలు" అంటూ స్టాంపు ప్యాడు మూత కూడా తానే తీసి నా ముందు పెట్టింది. ఖతమ్ అంటే ఆఫీసు ముద్ర. అది పడితే గాని ఈ దేశంలో ఏ కాగితానికీ ప్రాణం రాదు. ఆ పిల్లను ఏమని తిట్టను? ఎనిమిదేళ్ల క్రితం, పదిహేడేళ్ల వయసులో, నేనూ అచ్చం ఇలాగే వెళ్లి నిలబడ్డాను.

అప్పుడు మేం ఇదే సౌదీలో, దక్షిణాన ఉన్న ఖమీస్ ముషైత్‌లో ఉండేవాళ్లం. మా నాన్నది కడప, ఫ్రిజ్‌లు బాగుచేసే పని. గొర్రెల సంత పక్కనున్న పశువైద్యశాలలో టీకాల ఫ్రిజ్ చెడిపోతే వెళ్లి, "మా నస్రీన్‌కు జంతువులంటే పిచ్చి సార్" అని బతిమాలి నన్ను అక్కడ చేర్పించాడు. డాక్టర్ సుడాన్ మనిషి, మితభాషి. పాకలో గొర్రెల్నీ మేకల్నీ చూసుకునేది నిర్మల్ వైపు నుంచి వచ్చిన రాజన్న. నేను మామా అని పిలిచేదాన్ని. ఆయనకు చదువు రాదు, తెలుగులో సంతకం మాత్రం వచ్చు. ఏ జీవాన్నీ ముట్టుకునే ముందు తన చెయ్యి వాసన చూడనిచ్చేవాడు. "జీవం నోటితోని చెప్పదు బిడ్డా, కండ్లు సూడాలె" అనేవాడు. నా పుస్తకాల్లో ఆ ముక్క లేదు కాబట్టి నవ్వేసి ఊరుకునేదాన్ని.

ఒక ఉదయం, వైద్యానికి తెచ్చిన మేలుజాతి పొట్టేలు బార్లీ గదిలో పొట్ట ఉబ్బి పడి ఉంది. రాత్రంతా గింజలు మేసింది. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. కఫీల్, అంటే పశువైద్యశాల యజమాని, మా అందరి వీసాలూ ఎవరి చేతిలో ఉంటాయో ఆ మనిషి, వచ్చి గోడలు అదిరేలా అరిచాడు. రాజన్న తల వంచుకుని, గడియ వేయడం తానే మరిచానన్నాడు. రెండేళ్లకోసారి వచ్చే ఆయన సెలవు ఆ పూటే రద్దయింది. కూతురి తొలికాన్పుకు వెళ్లాల్సిన మనిషి, మనవడికి నడక వచ్చాక గాని వెళ్లలేకపోయాడు. "నన్ను జూసి తలుపెన్క దాగిండు" అని తిరిగొచ్చాక నవ్వుతూ చెప్పాడు. పొట్టేలు చచ్చిన రోజు నేనేమన్నానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గు. "ఏం మామా, గడియ కూడా గుర్తుండదా నీకు?" అన్నాను. ఆయన పార తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ ముచ్చటనే, డాక్టర్ సంతకం కోసం నేనే రాసుకున్న సిఫారసు ఉత్తరంలో నగలా పెట్టుకున్నాను. "పనివాడి అజాగ్రత్త వల్ల పొట్టేలుకు ప్రాణం మీదికి వస్తే, ఈ అమ్మాయి జబ్బును వెంటనే గుర్తుపట్టింది" అని నన్ను నేనే పొగుడుకున్నాను. డాక్టర్ చివరిదాకా చదివి, ఖతమ్ సొరుగులో పెట్టి తాళం వేశారు. "ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. నా ఉత్తరం నేను రాస్తాను. కాలేజీ అడిగిన రెండో ఉత్తరం రాజన్న దగ్గర తీసుకో. ఎవరూ చూడనప్పుడు నిన్ను చూసింది అతనే" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. గొర్రెలకు గడ్డివేసే మనిషి దగ్గర నాకు సిఫారసా అని ఉడికిపోతూ పాకలోకి వెళ్లాను.

రాజన్న బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కళ్లు మూసుకుని చెప్పసాగాడు. "రాయి బిడ్డా. నస్రీన్ పనిదొంగ గాదు. పేడకు ముక్కు మూసుకోదు. తల్లి సచ్చిన గొర్రెపిల్లకు సీసతోని పాలు తాపి బతికిచ్చింది." నా కలం పరిగెత్తింది. "ఇంగ రాయి. ఓపారి బార్లీ అర్రకు గడియ ఏసుడు మర్సింది. పొట్టేలు సచ్చింది."

కలం ఆగిపోయింది. "అదేంది మామా, మర్చిపోయింది నువ్వు కదా?"

"నీ పాలసీస బార్లీ బస్తా మీద ఉండె బిడ్డా. పొద్దుగాల ఎవ్వలు జూడకముందు నేనే తీసి దాసిన."

గొర్రెపిల్లకు గుప్పెడు గింజలు తేవడానికి ఆ గదిలోకి వెళ్లడం గుర్తుంది. బయట నాన్న వ్యాను హారన్ గుర్తుంది. పరిగెత్తడం గుర్తుంది. ఎంత వెతుక్కున్నా గడియ మీద నా చెయ్యి మాత్రం గుర్తుకు రాలేదు. గడ్డిమోపు మీద కూలబడ్డాను.

"ఎందుకు చెప్పలేదు మామా?"

"చెప్తే కఫీల్ నిన్ను గేటు లోపటికి రానిస్తుండెనా? నాదేముంది, సెలవే గద."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"గప్పుడు అడిగింది కఫీల్. ఇప్పుడు అడుగుతున్నది నీ కాలేజోళ్లు. రేపు జీవాలను నీ చేతుల పెడ్తరు. వాళ్లకు అబద్ధం చెప్తనా?"

ఇంటికెళ్లి ఇంగ్లీషులో ఉత్తరం టైపు చేశాను. ఆ ఒక్క వాక్యం వదిలేశాను. అవును, అంత విన్నాక కూడా వదిలేశాను. సీటు పోతుందన్న భయం అలాంటిది. మర్నాడు సంతకానికి తీసుకెళితే, రాజన్న తెలుగులో చదివి వినిపించమన్నాడు. చదివాను. పొట్టేలు మాట కాగితంలో లేకపోయినా, ఉన్నట్టే నోటితో చెప్పేశాను. ఆయన కలం పట్టుకోలేదు.

"గా మాట కాడ నీ కండ్లు కాయితం మీద లెవ్వు బిడ్డా" అన్నాడు.

కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అక్కడికక్కడే అడుగున ఉన్న ఖాళీలో ఆ వాక్యాన్ని చేత్తో రాశాను. అక్షరాలు వంకర్లు పోయాయి. "ఇంగోటి గూడ రాయి. గా దినం సంది ప్రతి గడియ రెండుసార్లు గుంజి చూస్తది" అన్నాడు.

"నేనింకా అట్ల చూడలేదు కదా మామా. అది అబద్ధం అయితాది."

"అయితే రేపటి సంది చూస్తది అని రాయి. నాకెర్క."

డాక్టర్ ఆ ఉత్తరం చదివి కిటికీలోంచి పాక వైపు చూశారు. తర్వాత ఖతమ్ తీసి, రాజన్న తెలుగు సంతకం పక్కన గట్టిగా కొట్టారు. సీటు వచ్చింది. ఇంటర్వ్యూలో వాళ్లు నా మార్కుల గురించి అడగలేదు, గడియ గురించే అడిగారు.

మొన్న ఆ అమ్మాయికి ఉత్తరం తిరిగిచ్చి, "పాక శుభ్రం చేసే మనిషిని అడిగి రా, నీ గురించి ఏం చెప్తాడో" అన్నాను. తెల్లబోయి చూసింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు.

రాజన్న ఇప్పుడు నిర్మల్ వైపు తన ఊళ్లోనే మేకలు కాస్తున్నాడు. నెలకోసారి ఫోన్ చేస్తాను. తిన్నావా అని అడగడు. "గడియ ఏసినవా బిడ్డా?" అంటాడు. వేశానని నాకు తెలిసినా సరే, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లేచి వెళ్లి, ఒకసారి గుంజి చూసి వచ్చాకే జవాబు చెప్తాను.