జీడి ఉండాలి, పాకం ఉండకూడదు

2003 జూన్ 12, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు. హాజరు: షావుకారు, ఆయన బావమరిది, గ్రేడింగ్ అక్క, నేను, కంప్యూటరు.

ఆ రాత్రి నా కాగితం డైరీలో రాసింది ఇంతవరకే. కింద గీతలన్నీ ఖాళీ. కాలేజీ రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను, ఖాళీ గీతలు వదిలిన రోజు అదొక్కటే. భయపడి రాయలేకపోయానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

ఆ రోజుల్లో పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి కంప్యూటరు వచ్చిందంటే దానికో గది, గదికో తెర, తెర బయట చెప్పులు. టెక్కలిలో నేను పనిచేసిన దుకాణం మూతపడి ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగాక, ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే ఉద్యోగం దొరికింది. వయసు ముప్పై ఏడు. ఇద్దరు పిల్లల బడి, కాశీబుగ్గలో అద్దె ఇల్లు. కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరు ఉండేది. ఫోన్ నంబర్లు, కలవాల్సిన వాళ్ల తేదీలు, చెయ్యాల్సిన పనులు, రోజువారీ నోట్సు, అన్నీ ఒకే పెట్టెలో. షావుకారు ఫోనులో ఎవరితో ఏం మాట్లాడినా పక్కన కూర్చుని అందులో ఎక్కించడం నా పని. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ని. అక్కడితో ఆగినా బాగుండేది. టైపింగు అలవాటు కావాలని, భోజనం అయ్యాక నా సొంత డైరీ కూడా అందులోనే కొట్టడం మొదలుపెట్టాను. డైరీలో ఎవరి పేరూ రాయకూడదని నాకో నియమం (పేరు రాస్తే అది చాడీ, మారుపేరు రాస్తే జ్ఞాపకం అని అప్పట్లో నా అభిప్రాయం). షావుకారికి నేను పెట్టుకున్న మారుపేరు జీడిపాకం. చిన్న మాటని ఆయన సాగదీసినట్టు ఇంకెవరూ సాగదియ్యలేరు.

ఆ మధ్యాహ్నం షావుకారు తెర తీసుకుని లోపలికి వచ్చారు. వెనకాల బావమరిది, సరుకు రకాలు చెప్పడానికి, పప్పు ఏరించే గ్రేడింగ్ అక్క. "బాబూ, రేపు పొద్దున్న మన పప్పు కొనే మద్రాసాయన రైలు దిగుతాడు. మొన్నెప్పుడో ఫోనులో నన్నేదో అడిగాడు, నేను వచ్చినప్పుడిత్తానన్నాను. ఏటడిగాడో బుర్రలోకి రావట్లేదు. అంచేత, నువ్వన్నీ ఇందులో ఎక్కించావు కదా, అంచేత, తీసి సూపించు. గుర్తు లేదంటే ఆయన మొహం మాడ్సుకుని పోతాడు, మళ్లీ మన గుమ్మం తొక్కడు."

"దొరక్కపోతే?" అన్నాడు బావమరిది, నా వైపు చూస్తూ.

"దొరక్కపోతే ఈ పెట్టెనీ ఈ బాబునీ ఒకే ఆటోలో ఎక్కించేత్తాను."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ సాఫ్ట్‌వేరులో పెద్ద వెతుకులాట అని ఒక కిటికీ ఉంది. ఒక్కో గీతలో ఒక్కో షరతు పెట్టాలి. మొదటి గీతలో 'మద్రాసు ఉండాలి' అని పెట్టాను. రెండో గీతలో 'జీడి ఉండాలి'. రెండూ కలిసి ఉన్నవే రావాలని గుర్తు పెట్టి, వెతుకు అన్న బొత్తాం మీదికి బాణాన్ని తీసుకెళ్లాను. అక్కడ నా వేలు ఆగిపోయింది. ఆ పెట్టెకి జీడి అంటే మాట కాదు, అక్షరాల వరస. జీడిపాకంలో కూడా జీడి ఉంది! పైగా నేను ఆయన్ని జీడిపాకం అని రాసిన రోజుల్లో సగం, మద్రాసు ఫోను సాగిన రోజులే.

కరెంటు పోతే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. రోజుకి నాలుగుసార్లు పోయే కరెంటు ఆ పూట కదల్లేదు. మనసులోనే ప్రార్థన చేసుకున్నాను (ఆదివారం చర్చిలో కూడా అంత శ్రద్ధగా చేసి ఎరగను). చేస్తూ చేస్తూ మూడో గీత తెరిచి 'పాకం ఉండకూడదు' అని కొట్టాను.

"ఆ మూడోదేటి?" అన్నాడు బావమరిది.

"పాకం గురించి రాసినవి అక్కర్లేదనండి."

"మనం పాకం అమ్మం కదేటి?"

"అందుకేనండి."

బొత్తాం నొక్కాను. మూడు నోట్సు వచ్చాయి. మూడూ జీడిపప్పు గుళ్లు, బద్దల రకాల సంగతులే. అడిగిందేమిటో ఎక్కడా లేదు. షావుకారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆటో పిలవమంటావేటి బావా?" అన్నాడు బావమరిది. అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న గ్రేడింగ్ అక్క ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది.

"ఓలమ్మో! ఆయన పాకమే కదేటి అడిగాడు! కూతురి పెళ్లికి మన పలాస జీడిపప్పు పాకం కావాలన్నాడు. ఎన్ని కేజీలో ఈ బాబు రాసుకున్నాడు, నేను సూసినాను."

"మరి ఆ మూడోది తీసెయ్, బాబూ," అన్నారు షావుకారు.

"వద్దండి," అన్నాను. "సెమటలు పడతన్నాయేటి బాబూ? ఫ్యాను పెద్దది సెయ్యి, అక్కా," అన్నారాయన జాలిగా. ఆ జాలి చూసి ఇంకా భయం వేసింది. మూడో గీత చెరిపాను. నొక్కాను. ఇసుక గడియారం బొమ్మ తిరిగింది, తిరిగింది. అప్పుడు కంప్యూటరు తెర నిండా వరసలు వచ్చాయి. అన్నిటికన్నా కింద, మద్రాసు ఫోను, ఆయన కూతురి పెళ్లి, జీడిపప్పు పాకం, ఐదు కేజీలు. దాని మీదవి, ఇందాకటి మూడూ తప్ప, అన్నీ నావి.

షావుకారు కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైనుంచి చదవడం మొదలుపెట్టారు. 'జీడిపాకం ఈ రోజు మద్రాసు ఫోనుని గంటన్నర సాగదీశాడు. మధ్యలో తన పెళ్లి కథ కూడా చెప్పాడు.' 'మద్రాసు ఫోను. జీడిపాకం అంచేత అన్న మాట నలభై ఒక్కసారి అన్నాడు. లెక్కపెట్టాను.'

"ఎవుడు బావా ఈ జీడిపాకం?" అన్నాడు బావమరిది. అతను నిజంగానే అడిగాడని ఇప్పటికీ నా నమ్మకం. గ్రేడింగ్ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎవుడో ఈ ఊరి మనిసే అయ్యుంటాడు," అంది.

షావుకారు తల తిప్పి నన్ను చూశారు. "అంచే..." అని, సగంలో ఆగిపోయారు. ఆ మాట సగంలో ఆగడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "ఐదు కేజీలు. కాయితమ్మీద రాసియ్యి," అని మాత్రం అని, తెర తీసుకుని వెళ్లిపోయారు. నేను సొరుగులో నా పెన్నులు, టిఫిన్ డబ్బా, పిల్లల ఫోటో సంచిలో సర్దుకున్నాను. ఇంట్లో ఏమీ చెప్పలేదు. అన్నం సయించలేదంటే, ఎండకి అనుకున్నారు.

ఇప్పుడా ముప్పై ఏడేళ్ల మనిషి, అంటే అప్పటి నేను, గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. తన మాటలన్నిటినీ వెతికి దొరికేలా అంత పద్ధతిగా అమర్చుకుని, ఎవరైనా వెతుకుతారేమోనని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. ఆ రాత్రి నుంచే మళ్లీ కాగితం డైరీకి వచ్చేశాను. అందులో నాకే ఏదీ దొరకదు, అదే హాయి.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, సంచి భుజాన వేసుకునే, చెప్పులు విడిచి గదిలోకి వెళ్లాను. షావుకారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఒక పెద్ద అట్టపెట్టె, పక్కన నూనె మరకల కాగితంలో ఒక చిన్న పొట్లం.

"పెద్దది మద్రాసాయనకి. సిన్నది నీకు," అన్నారు. పొట్లం విప్పాను. జీడిపప్పు పాకం. "తిను, నా ముందే తిను." కొరికాను. రాయిలా ఉంది. దవడ పట్టేసింది.

"సాగుతాందేటి?"

నోరు తెరవలేక తల అడ్డంగా ఊపాను.

"సాగదు బాబూ. మన పలాస పాకం సాగదు, పళ్లు ఇరుగుతాయి. అంచేత..."

అని ఆగి, నా వంక చూసి, కుర్చీ నాకు వదిలి, చిన్నగా నవ్వుకుంటూ తెర అవతలికి వెళ్లిపోయారు. నా లెక్కలో అది నలభై రెండో అంచేత. ఎక్కడా రాసుకోలేదు.