ఎనిమిదిళ్ళ నార

రాసుకో చిట్టీ. నలభై ఆరు జూన్‌లో నన్ను ఐరాల దగ్గర ఒక పల్లెటూరికి హయ్యర్ గ్రేడ్ పంతులమ్మగా వేశారు. జిల్లా బోర్డు బడి అది. ఏటా డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు, ఆ సాయంత్రం పిల్లలు నాటకం వేయాలి. హెడ్మాస్టరు చదివి సంతకం పెడితేనే రిహార్సలు. రాసే పని ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్ళ నెత్తినే పడేది.

ఆ ఊళ్ళో హరిజనవాడ ఆడవాళ్ళు ఊరి బావిని ముట్టుకోకూడదు. ఎవరైనా తోడి పోసేదాకా కుండలు పెట్టుకుని నిలబడాలి. దాని మీదే రాశాను. ఒక పిల్ల బావి దగ్గరికి వెళ్ళి పేజీన్నర ఉపన్యాసం ఇస్తుంది, అది విని ఊరి పెద్ద ఆసామి మనసు కరుగుతుంది. హెడ్మాస్టరు బ్రహ్మాండమన్నాడు.

బడి ఊడ్చే మునెమ్మది ఆ వాడే. రిహార్సలు చూస్తూ చీపురు ఆపింది.

"పంతులమ్మా, ఆ పాప నీళ్ళు దేంతో తోడతాది? చేంతాడు యాడిది?"

నిజమే. ఆ ఊళ్ళో ఎవరి తాడు వాళ్ళు తెచ్చుకుని, తోడుకుని, ఇంటికి తీసుకుపోతారు. నా నాటకంలో తాడే లేదు.

"మేమే పోయి తోడుకోవాలనుకుంటా ఉండాం. తాడు ఎవురిదో తెలిస్తే ఆ ఇంటోళ్ళకి మర్నాడు కూలి లేదు. అందుకే ఎనిమిదిండ్లోళ్ళం తలా ఇంత నార ఏసి ఒకే తాడు పేనతా ఉండాం. ఎవురిదంటే ఏం జెప్తారో సూస్తాం! ముందు ఎవురు పట్టుకోవాలని మూడు దినాలు కొట్లాడుకున్న్యాం. ఉపన్యాసాలకి తీరిక యాడిదమ్మా?"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రాత్రే ఉపన్యాసం కొట్టేశాను. పిల్లలు నార పేనుతూ పోట్లాడుకునేటట్టు రాశాను. ఊరి పేరు మార్చాను, మనుషుల పేర్లు మార్చాను. అది చాలనుకున్నాను.

నాటకం చాలా సహజంగా ఉందని ఇన్‌స్పెక్టరు పుస్తకంలో రాసి వెళ్ళాడు. ముందు వరుసలో కూర్చున్న గ్రామ మునసబు మాత్రం పిల్లలు వదిలేసిన నారను చేత్తో తిప్పి చూసి వెళ్ళాడు.

తెల్లారేసరికి బావి దగ్గర కాపలా. మునసబు మనుషులు వాడలో ఇల్లిల్లూ నార కోసం వెతికారు. అప్పటికే ఆడవాళ్ళు తాడును ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేశారు.

మునెమ్మ ఎప్పటి వేళకే ఊడవడానికి వచ్చింది. తప్పయిపోయిందన్నాను.

"నాటకం బాగుండాది పంతులమ్మా," అంది. "అచ్చం మా ఇండ్లల్లో మాదిరే ఉండాది." మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

వాళ్ళు ఆ బావిలో నీళ్ళు తోడుకోవడానికి ఇంకో రెండు ఎండాకాలాలు పట్టింది. అప్పటికి నన్ను శ్రీకాళహస్తికి మార్చారు, ఈ సంగతి ఎవరో చెబితే తెలిసింది. తాడు ఎలా వచ్చిందో నేను అడగలేదు.

తర్వాత కూడా బళ్ళకు నాటకాలు రాశాను. రాసింది నిజంగా ఉందా అని ఒకసారి చూసుకునేదాన్ని. ఆ పని అయిపోయిందా, ఇంకా జరుగుతోందా అని రెండోసారి కనుక్కునేదాన్ని. జరుగుతోందంటే రాసేదాన్ని కాదు.