తపస్సు కాలంలో మాంసం ఆశ పెట్టిన టీచరు

టాంజానియాలో టీచరుగా ఏం వెలగబెట్టి వచ్చావని అడుగుతున్నారు కదా, చెప్తాను. టీ తాగుతూ వినండి. ఒక్క మాటతో బడి మొత్తాన్నీ కంచాలు పట్టించి నిలబెట్టాను. అదీ ఈస్టరు ముందు తపస్సు కాలంలో, మేం మాంసం ముట్టని శుక్రవారం నాడు.

అక్కడ సిస్టర్లు నడిపే బడికి వాలంటీరుగా వెళ్తానంటే పోదనూరులో మా ఇంట్లో భయపడింది నాన్న ఒక్కరే. అమ్మ మాత్రం, "ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేదానివి. ఇంగొకటి నీకేం లెక్కమ్మే, పోయిరా" అంది. ఆ ధైర్యంతోనే ఫ్లైట్ ఎక్కాను.

నాకు ఇచ్చింది రెండో క్లాసు, లెక్కలు. ఆ పిల్లలకి స్వాహిలీ తప్ప ఇంకేం రాదు. ఒకటే గోల. పక్క క్లాసు టీచరు "న్యామజేని" అనగానే ఆ గది సద్దుమణగడం విన్నాను. నోరు మూసుకోండి అని కాబోలు అనుకున్నాను. అంత పొడుగు మాట నోరు తిరగక, తోక కత్తిరించి "న్యామ" అన్నాను.

క్లాసు మొత్తం గప్‌చుప్. నా వంక ఎంత ప్రేమగా చూశారో. ఇంకేం, ఆ పొద్దంతా అదే మంత్రం. గోల చేస్తే "న్యామ". వరండాలో పరిగెడితే "న్యామ". వేరే క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గరికి వచ్చి వింటుంటే, పర్వాలేదే, నాకు పేరొస్తోంది అనుకున్నాను.

మధ్యాహ్నం గంట కొట్టేసరికి బడి బడంతా వంటింటి ముందు. గిన్నెలో ఎప్పటిలాగే చిక్కుడు గింజలు. పిల్లల మొహాలు వేలాడిపోయాయి. ఒక పాప ఏడుపు మొదలుపెట్టింది. వంటామె గరిటె ఊపుతూ నావైపు చూపించి ఏదో అరుస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఆగ్నెస్ వచ్చారు.

"స్టెల్లా, ఇవాళ మాంసం పెడతానని వీళ్ళకి చెప్పావా?"

"లేదు సిస్టర్. న్యామ అన్నాను. సైలెంటుగా ఉండమని."

సిస్టర్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "నోరు మూసుకోమనాలంటే న్యామజేని. ఉత్త న్యామ అంటే మాంసం, తల్లీ. పొద్దుటి నుంచి నువ్వు మాంసం, మాంసం అని అరుస్తున్నావు."

భూమి చీలితే బాగుండుననిపించింది. "పోనీలే, పిల్లలు మరిచిపోతారు" అన్నారు సిస్టర్. కానీ ఆ పాప ఏడుపు చూశాక నాకు మనసొప్పలేదు. తెలిసో తెలియకో ఆశ పెట్టింది నేను. "పండగ మర్నాడు నేనే వండి పెడతాను సిస్టర్" అన్నాను పట్టుగా. అప్పటి నుంచి రోజూ సాయంత్రం పిల్లల్నే కూర్చోబెట్టుకుని స్వాహిలీ నేర్చుకున్నాను. తప్పు పలికితే వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వనీ అని మళ్ళీ పలికేదాన్ని.

ఈస్టరు మర్నాడు కోళ్ళు తెప్పించి, మిరియాలు దంచి, కొబ్బరి నూరి పోసి, మా ఇంటి కోడి కొళంబు, అదే పులుసు, పెట్టాను. వాసనకి వంటామె కూడా నాతో రాజీకొచ్చింది. పిల్లలు బెంచీల మీద వరసగా కూర్చున్నారు. "కులేని", అంటే తినండి, అనాలని రాత్రంతా వల్లె వేసుకున్నాను. సిస్టర్ పక్కన నిలబడి, గొంతు సవరించుకుని గట్టిగా అన్నాను.

"లలేని."

ఒక పిల్ల పళ్ళెం పక్కన తల వాల్చి కళ్ళు మూసుకుంది. దాన్ని చూసి పక్కది. చూస్తుండగానే క్లాసంతా గురకలు.

సిస్టర్ నా చెవిలో, "నిద్రపొమ్మన్నావు" అన్నారు.

ఇక చేసేదేముంది, కొళంబు గిన్నె చంకనెత్తుకుని, నా స్టూడెంట్లని ఒక్కొక్కరినే గరిటెతో తట్టి నిద్ర లేపాను.