నచ్చని రాతకు తోడు వెళ్లిన ఆంటీ

సింగపూర్‌లోని సెరంగూన్‌లో నేను అద్దెకున్న ఫ్లాట్ ఓనరు ఆంటీ మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఆమె కొడుకు ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి చెబితే, ఆఫీసు మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను.

ఆంటీది కరీంనగర్. నలభై ఏళ్లు సింగపూర్‌లో ఉన్నా పచ్చిపులుసు మానలేదు, గట్టిగా మాట్లాడటమూ మానలేదు. నా పక్క గదిలో పంజాబ్ నుంచి చదువుకోవడానికి వచ్చిన సిక్కు అమ్మాయి ఉండేది. తలపాగా కట్టుకునేది. ఆమె పేరు రాయను. "ఆ పిల్ల పేరు యాడా చెప్పకు" అని ఆంటీ నా చేత ఒట్టు వేయించుకున్నారు.

తమ రాష్ట్రంలో విచారణ లేకుండా జైళ్లలో మగ్గుతున్నవాళ్ల గురించి ఆ అమ్మాయి నెట్‌లో రాసేది. భోజనాల దగ్గర రోజూ వాదనే. "నువ్వు రాసేదాంట్లో సగం తప్పు" అని ఆంటీ తన హైదరాబాదీ హిందీలో విరుచుకుపడేవారు. "మిగతా సగం, ఆంటీ?" అని ఆ అమ్మాయి నవ్వేది.

ఒకరోజు ఎవరో ఆమె ఫోటోతో పాటు ఆమె రోజూ రైలు దిగే స్టేషన్ పేరు కూడా నెట్‌లో పెట్టారు. మర్నాడు ఎవరో పంజాబ్‌లో వాళ్లింటికి ఫోన్ చేసి, కూతురి నోరు మూయించమన్నారు. ఆ అమ్మాయి గది తలుపు వేసుకుంది. రెండు రోజులు క్లాసుకు వెళ్లలేదు.

మూడో రోజు ఆంటీ తలుపు కొట్టి, ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఫిర్యాదు రాయించారు. తిరిగొచ్చాక ఆ అమ్మాయి, "కొన్నాళ్లు తలపాగా తీసేస్తాను. రైల్లో ఇట్టే గుర్తుపడతారు" అంది.

"ఎందుకు తీస్తావు? పక్కన నేనుంటాను" అన్నారు ఆంటీ.

ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టూ దిగి, రైల్లో ఆమె పక్కన నిలబడి, క్లాసు అయ్యేదాకా క్యాంటీన్‌లో కూర్చునేవారు. ఒకటీ రెండు రోజులు కాదు, ఆ టర్మ్ అంతా.

"ఆమె రాతలు మీకు నచ్చవు కదా, ఆంటీ?" అని ఒకసారి అడిగాను.

"నచ్చకపోతే ఇంట్ల కొట్లాడ్త. బయట ఎవడో బెదిరిస్తే ఊకుంటనా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "నాకు గూడ భయమైతది బిడ్డా. ఆ పిల్లకు చెప్పకు."

నా భుజం దాకా కూడా రాని మనిషి. ఆ మాట విన్నాక ఆమె ముందు నేనే చిన్నవాణ్ణయిపోయాను.

ఆ ఫోటో నెట్ నుంచి పోయింది గానీ, పెట్టిందెవరో చివరికీ తెలియలేదు. ఆ అమ్మాయి రాయడం ఆపలేదు. భోజనాల దగ్గర వాదనలూ ఆగలేదు.

ఆ అమ్మాయికి డిగ్రీ పట్టా ఇచ్చే రోజున ఆమె తల్లి పంజాబ్ నుంచి వచ్చింది. ఆంటీని చూడగానే కాళ్లకు మొక్కబోయింది. ఆంటీ గబుక్కున ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. ఫోటో కోసం ఆ అమ్మాయి పిలిచింది, మళ్లీ పిలిచింది. నల్ల గౌన్ల పిల్లలు వాళ్లిద్దరినీ దాటుకుంటూ పోతున్నారు. ఎవరి చెయ్యి ఎవరూ వదల్లేదు.