తళతళలాడిన పైన్ చెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెట్టు పిచ్చి ఉండేది. కెనడాలో, నార్త్ యార్క్‌లో సబ్‌వే పక్కన ఇరుకు అపార్ట్‌మెంట్, బాల్కనీలో కరివేపాకు మొక్క కూడా బతికేది కాదు, ఇక చెట్టేమిటంటారా? వెండి నాణెం మీది చెట్టండీ! మాతోనే ఉండే మా మావయ్య పగలు బ్యాంకులో పని చేసేవాడు, తీరిక దొరికితే చాలు పాత అమెరికా నాణేల వెంట పడేవాడు.

అమెరికా ఇంకా ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న రోజుల్లో బోస్టన్‌లో షిల్లింగులనే వెండి నాణేలు కొట్టారు. కొన్నిటి మీద పైన్ చెట్టు బొమ్మ ఉంటుంది. ఏళ్ల తరబడి కొట్టినా అన్నిటి మీదా ఒకటే సంవత్సరం, 1652. మరి ఏది ఏ రకమో ఎలా తెలుస్తుంది? అచ్చులు చేత్తో చెక్కినవి కదా, ఒక అచ్చులో చెట్టు ఇంకో అచ్చులో చెట్టులా ఉండదు. ఒకదానికి కొమ్మలు గుబురు, ఇంకోదానికి మొదలు సన్నం. "చూడవే, చూడు, తేడా పట్టుకో!" అంటూ భూతద్దం నా చేతికిచ్చి మావయ్య చిన్నపిల్లాడిలా గంతులేసేవాడు. ఆయనతో నేనూ గంతులే.

ఆయన ఏళ్లుగా వెతుకుతున్నది ఒకే ఒక్క రకం, వేర్లు ఒక పక్కకు ఒరిగి అంచు దాకా పాకిన చెట్టు. దాని కోసం తిరగని నాణేల ప్రదర్శన లేదు. ఒకనాడు నల్లగా మసిబారిన బిళ్ల ఒకటి తెచ్చి, "ఇదేనేమోనే!" అన్నాడు. ఆ నలుపు కింద వేర్లు నాకూ కనిపించీ కనిపించనట్టు ఉన్నాయి. శనివారం గ్వెల్ఫ్ అనే ఊళ్లో నాణేల ప్రదర్శన ఉంది. ఈ చెట్ల గురించి అన్నీ తెలిసిన పెద్దాయన ఒకరు అక్కడికి వస్తారు, ఆయన చూసి ఔనంటే ఔను. శనివారం ఎప్పుడొస్తుందా అని నాకు అన్నం సయించలేదు.

ఆ ఏడే మా అమ్మమ్మ కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషు రాదు, బయటికి పోలేదు, బట్టలు ఉతకడానికీ గిన్నెలు తోమడానికీ మిషన్లే. "ఊరికే కూర్చుని ఒళ్లు తుప్పు పడుతోందిరా" అని గొణిగేది. ఊళ్లో చర్చిలో ప్రభు భోజనపు వెండి గిన్నె తోమే పని ఎప్పుడూ ఆవిడదే, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం మొహం వెలిగిపోయేది.

శనివారం పొద్దున మావయ్య స్నానం చేసి వచ్చేసరికి వంటింటి బల్ల మీద సాసర్లో నాణెం ధగధగా మెరుస్తోంది.

"ఎంత నల్లగా పట్టిందిరా నీ బిళ్ల! చింతపండులో నానేసి పళ్లపొడితో తోమాను. అద్దంలా లేదూ?" అంది అమ్మమ్మ.

పాత నాణేన్ని పొరపాటున కూడా కడగకూడదన్నది మావయ్య నాకు నేర్పిన మొదటి పాఠం. ఆ నలుపే దాని వయసుకు సాక్ష్యం, అది పోతే కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారు. మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. ఆయన గుటక మింగి, "బాగుందమ్మా. నువ్వూ రా, చూపించొద్దాం" అన్నాడు.

గ్వెల్ఫ్ హాల్లో ఆ పెద్దాయన నాణేన్ని చూసీ చూడగానే నిట్టూర్చాడు. ఎవరో దీన్ని బరబరా తోమేశారు, విలువ సగం పోయింది, ఎంత పాపం అన్నాడు ఇంగ్లీషులో. అని మళ్లీ భూతద్దం పెట్టాడు. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచాడు. వేర్లు! అదే అచ్చు! తోమితే నలుపు పోతుంది గానీ అచ్చు ఎక్కడికి పోతుంది? ఇంత మెరిసేది మాత్రం నా జన్మలో చూడలేదు అని తల పట్టుకున్నాడు.

"ఏమంటున్నాడ్రా?" అని అమ్మమ్మ మావయ్య చొక్కా లాగింది. ఇంగ్లీషు వచ్చిన గడుగ్గాయిని, నేను నోరు తెరిచాను. మావయ్య నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"చాలా అరుదైన చెట్టటమ్మా! ఇంత తళతళలాడేది పుట్టి బుద్ధెరిగాక చూడలేదట!"

"దేవునికి స్తోత్రం! తోమింది నేనని చెప్పు మరి!"

మావయ్య చెప్పాడు. ఆ పెద్దాయన ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, టోపీ తీసి, రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. అంతే, మావయ్య నన్ను ఎత్తుకుని హాలు మధ్యలో గిరగిరా తిప్పేశాడు. ఆ సంతోషం నటన కాదు, ఆయన చెట్టు ఆయనకు దొరికింది. తిరుగు దారిలో అమ్మమ్మ కారు కిటికీ దించి పాట అందుకుంది. కెనడా వచ్చాక ఆవిడ పాడగా వినడం అదే మొదలు.

ఆ నాణెం ఇప్పుడు నా దగ్గరుంది, మెల్లగా మళ్లీ నల్లబడుతోంది. మొన్న మా మనవరాలు నాకు సాయం చేద్దామని, నేను ఏళ్లుగా నూనె పట్టించి కాపాడుకుంటున్న ఇనుప దోసె పెనాన్ని సబ్బూ స్టీలు పీచూ పెట్టి తెల్లగా తోమేసి, "సర్‌ప్రైజ్, అమ్మమ్మా!" అంది. కోపం ముక్కు దాకా వచ్చింది. గుటక మింగాను.

"ఇంత తళతళలాడే పెనం పుట్టి బుద్ధెరిగాక చూడలేదే!" అన్నాను.

పిల్ల గంతులేసింది. ఆ పూట దోసె ఒక్కటీ లేవలేదు, ముక్కలు ముక్కలుగానే తిన్నాం. అయినా నేనన్నది అబద్ధమేం కాదుగా!